‘గెజిట్ అయింది’ అంటే ఏమిటి? తేదీ చూసుకున్నారా?

రచ్చకట్ట మీదో, తహసీల్దారు ఆఫీసు ముందు టీకొట్టు దగ్గరో ఈ మాట మీరు వినే ఉంటారు. ‘ఆ సర్వే నంబరు గెజిట్ అయిందంట!’ అంటాడొకడు. విన్నవాడు ‘అయ్యో’ అంటాడు. మరొకడు ‘గెజిట్ అయితే ఏంది, పైసలొస్తయ్ కదా’ అంటాడు. అన్నవాడికి గానీ విన్నవాడికి గానీ ఆ కాగితం కంటపడి ఉండదు. అందులో మన సర్వే నంబరు ఉందా, ఎన్ని గుంటలు రాశారు, ఏ తేదీ వేశారు అన్నది ఎవరూ చెప్పలేరు. అసలు విషయమంతా ఆ తేదీలోనే ఉంది. గెజిట్ అనే మాట ఎక్కడి నుంచి వచ్చింది, అది మన పొలం గట్టు దాకా ఎలా నడిచింది, దాన్ని చూస్తే రైతు ఏం చేయాలి అన్నది ఈ వారం చూద్దాం.

ఆకు నుంచి అచ్చుకు

పాతబస్తీలో డెబ్బయ్యేళ్లు దాటిన పెద్దలను కదిలిస్తే గెజిట్ అనరు, ‘జరీదా’ అంటారు. నిజాం సర్కారు అధికార పత్రిక పేరు ‘జరీదా ఏ ఏలామియా’. ఏలామియా అంటే తెలియజేసేది. ఫర్మానాలు, కొత్త కానూన్లు, అధికారుల నియామకాలు, బదిలీలు, భూముల ప్రకటనలు అన్నీ అందులోనే పడేవి. ‘జరీదాలో పడింది’ అంటే ఇక సర్కారు మాట ఖాయమైనట్టే.

ఈ మాట పుట్టుక రైతుకు నచ్చే సంగతి. అరబ్బీలో ‘జరీద్’ అంటే ఆకులు దూసేసిన ఖర్జూరపు మట్ట. కాగితం దొరకని కాలంలో అలాంటి మట్టల మీద రాసుకునేవారు. అక్కడి నుంచి రాసిన కాగితానికీ, చివరికి వార్తాపత్రికకూ అదే పేరు నిలిచింది. ఇప్పుడు మన మాట చూడండి. గెజిట్‌ను ప్రభుత్వం తెలుగులో ‘రాజపత్రము’ అని అచ్చు వేస్తుంది. పత్రం అంటే ఆకే కదా! మనవాళ్లు తాటాకు మీద రాశారు, అరబ్బులు ఖర్జూరపు మట్ట మీద రాశారు. చెట్టు మాత్రం ఇద్దరికీ దాదాపు ఒకటే జాతి. సర్కారు మాట ఎక్కడైనా మొదట ఆకు మీదే పుట్టిందన్నమాట.

గెజిట్ కథ వేరు. ఇటలీలోని వెనిస్ నగరంలో 16వ శతాబ్దంలో ‘గజెట్టా’ అనే చిల్లర నాణెం ఉండేది. ఆ నాణెం ఇస్తే వార్తల కాగితం ఒకటి చేతికిచ్చేవారట. కొన్నాళ్లకు నాణెం పోయి పేరు కాగితానికి అంటుకుంది. ఇంగ్లండులో ప్లేగు వచ్చి రాజు కొలువు లండన్ వదిలి ఆక్స్‌ఫర్డ్ చేరినప్పుడు, 1665లో అక్కడ మొదలైన సర్కారు పత్రికే తర్వాత లండన్ గెజిట్ అయింది. మన దేశంలో 1780లో కలకత్తాలో హికీ పెట్టిన బెంగాల్ గెజిట్ మాత్రం పేరుకే గెజిట్. అది ప్రైవేటు పత్రిక, పైగా కంపెనీ దొరలను దుమ్మెత్తిపోసింది. అంటే అప్పటికి గెజిట్ అంటే ఏ పత్రికైనా కావచ్చు. సర్కారుది మాత్రమే గెజిట్ అన్న అర్థం తర్వాత గట్టిపడింది. కోస్తా, రాయలసీమ జిల్లాలు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్నప్పుడు వాటికి ఫోర్ట్ సెయింట్ జార్జ్ గెజిట్టే దిక్కు. తెలంగాణకు జరీదా దిక్కు. 1956 నవంబరు 1 నుంచి రెండు ప్రాంతాలకూ ఆంధ్రప్రదేశ్ రాజపత్రమే దిక్కయింది. 2014 జూన్ 2 నుంచి తెలంగాణకు తన రాజపత్రం తనకు వచ్చింది.

చంచల్‌గూడ పేరు మీకు జైలుతోనే గుర్తుండవచ్చు. ఆ పక్కనే ప్రభుత్వ ముద్రణాలయం కూడా ఉంది. దశాబ్దాలుగా రాజపత్రం అచ్చయింది పాతబస్తీలోని ఈ ప్రెస్సులోనే. పేరు మార్చుకునే వాళ్లు, పుట్టిన తేదీ సవరించుకునే వాళ్లు ఇప్పటికీ ‘చంచల్‌గూడ ప్రెస్సుకు పోయి గెజిట్ వేయించుకున్నాం’ అని చెప్పుకొంటారు. గెజిటెడ్ ఆఫీసరు అన్న మాట కూడా ఇక్కడి నుంచే: ఎవరి నియామకం రాజపత్రంలో పడుతుందో ఆయనే గెజిటెడ్. ఒకప్పుడు ఆయన ఆకుపచ్చ సిరా సంతకం కోసం పిల్లల సర్టిఫికెట్లు పట్టుకుని ఎంత తిరిగేవాళ్లమో! కేంద్రం 2014లో సొంత సంతకం చాలు అన్నాక ఆ తిరుగుడు చాలావరకు తగ్గింది.

చదివింది ఎవరు?

జరీదా ఉర్దూలో వచ్చేది. సర్కారు భాష ఉర్దూ, ఊరి భాష తెలుగు. ఉర్దూ చదవగలిగినవాడు ఊరికి ఒకరో ఇద్దరో ఉంటే గొప్ప. వాళ్లలో పట్వారీ ఒకడు. సర్కారు చెప్పింది ఆయనకు ముందు తెలిసేది, రైతుకు ఆయన చెప్పినంత తెలిసేది. మిగతా వాళ్లకు ఇస్తిహార్ అని చావడి గోడకు ఒక కాగితం అంటించేవారు, డప్పు కొట్టి చాటింపు వేయించేవారు. డప్పు వినపడిన పొలాలకు వార్త చేరేది. మంచె మీద ఉన్నవాడికీ, బంధువుల ఊరికి పోయినవాడికీ చేరేది కాదు.

ఇప్పుడు ఆ ఇబ్బంది తీరిందా అంటే, సగమే తీరింది. జాతీయ రహదారికి భూమి తీసుకునేటప్పుడు ప్రకటన పడేది కేంద్ర ప్రభుత్వ గెజిట్‌లో. అది హిందీ, ఇంగ్లీషుల్లోనే ఉంటుంది. తెలుగు అక్షరం కనిపించదు. స్థానిక పత్రికల్లో రెండింటిలో, అందులో ఒకటి ప్రాంతీయ భాషలో, దాని సారాంశం వేయాలని చట్టం చెబుతుంది. రైతుకు కనపడే తెలుగు అంతవరకే. నూరేళ్ల కిందట ఉర్దూ రాక పట్వారీ దగ్గరికి పోయాం, ఇవాళ ఇంగ్లీషు రాక మీసేవ పిల్లవాడి దగ్గరికి పోతున్నాం. ఊరి భాషలో అసలు కాగితమే ఇవ్వడం ఒక సర్కారుకు ఎందుకంత కష్టమో అర్థం కాదు.

తేదీయే ప్రాణం

ఎవరూ చదవని కాగితానికి కోర్టు ఇంత విలువ ఎందుకిస్తుంది అని మీకు అనుమానం రావచ్చు. విలువ అచ్చుకు కాదు, బహిరంగం చేయడానికి. రాజస్థాన్‌లో జరిగిన ఒక కేసు చెబుతాను. జైపూర్ సంస్థానంలో మంత్రిమండలి 1923లో నల్లమందు మీద ఒక చట్టం చేసింది. తీర్మానం రాసుకున్నారు గానీ గెజిట్‌లో వేయలేదు, మరో దారిలోనూ జనానికి చెప్పలేదు. ఏళ్ల తర్వాత ఆ చట్టం కింద ఒక మనిషికి 50 రూపాయల జరిమానా పడింది. ఆయన సుప్రీంకోర్టు దాకా వెళ్లాడు. 1951లో కోర్టు ఏమన్నదంటే, జనానికి తెలియజేయని చట్టంతో జనాన్ని శిక్షించడం న్యాయం కాదు. జరిమానా కొట్టేసింది. గెజిట్ ఎందుకుందో చెప్పడానికి ఇంతకు మించిన ఉదాహరణ అక్కర్లేదు.

అయితే దీనికి రెండో వైపు కూడా ఉంది. గెజిట్‌లో పడ్డాక ‘నాకు తెలియదు’ అంటే చెల్లదు. చదివినా చదవకపోయినా తెలిసినట్టే లెక్క. రైతు దెబ్బతినేది ఇక్కడే.

జాతీయ రహదారుల చట్టం 1956 తీసుకోండి. భూమి తీసుకోదలిచామని చెప్పే మొదటి ప్రకటనను 3ఏ అంటారు. హైదరాబాద్ చుట్టూ తలపెట్టిన ప్రాంతీయ రింగు రోడ్డు ఉత్తర భాగానికి 2022లో ఇలాంటి గెజిట్లు వచ్చినప్పుడు చాలా ఊళ్లలో ఈ అక్షరం, ఈ అంకె మొదటిసారి విన్నారు. 3ఏ ప్రకటన వచ్చిన తేదీ నుంచి 21 రోజుల్లో అభ్యంతరం రాతపూర్వకంగా ఇవ్వాలి. సరిగ్గా 21 రోజులు. పేపర్లో ప్రకటన గెజిట్ వచ్చిన వారానికి పడిందనుకోండి, ఆ వారం మీ లెక్కలోంచే పోయింది అనుకుని నడుచుకోవడమే క్షేమం. అభ్యంతరాల మీద విచారణ అయ్యాక 3డీ అని రెండో గెజిట్ వస్తుంది. అది పడ్డ రోజు నుంచి భూమి కేంద్ర ప్రభుత్వానిది. మీ చేతిలో పాసుపుస్తకం ఉంటుంది, పైరు కూడా ఉండొచ్చు, హక్కు మాత్రం ఉండదు. 3ఏ వచ్చిన ఏడాదిలోపు 3డీ రాకపోతే మాత్రం ఆ 3ఏ చెల్లదు. కోర్టు స్టే ఉన్న రోజులను ఏడాదిలో లెక్కించరు. అందుకే రెండు తేదీలూ రాసిపెట్టుకోండి అంటున్నాం.

సాగునీటి ప్రాజెక్టుకో పారిశ్రామిక వాడకో తీసుకుంటే 2013 నాటి భూసేకరణ చట్టం వర్తిస్తుంది. అది 2014 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. అందులో ప్రాథమిక ప్రకటనను సెక్షన్ 11 నోటిఫికేషన్ అంటారు. దాన్ని గెజిట్‌లోను, రెండు దినపత్రికల్లోను, పంచాయతీ దగ్గర, కలెక్టరు, ఆర్డీఓ, తహసీల్దారు ఆఫీసుల్లో స్థానిక భాషలోను, వెబ్‌సైట్‌లోను పెట్టాలి. అభ్యంతరాలకు 60 రోజుల గడువుంది. ప్రకటన వచ్చిన రోజు నుంచి ఆ భూమిని అమ్మడం, కొనడం, తాకట్టు పెట్టడం కుదరదు. ‘గెజిట్ వచ్చాక కూడా రిజిస్ట్రేషన్ చేయిస్తా’ అనే దళారీ మాట నమ్మి బయానా పుచ్చుకున్నవాళ్లు ఇబ్బంది పడేది దీనివల్లనే.

పరిహారం సంగతి కూడా ఈ తేదీ మీదే నిలుస్తుంది. ఈ చట్టంలో మార్కెట్ విలువ లెక్కకట్టేది సెక్షన్ 11 ప్రకటన తేదీ నాటికి. రహదారుల చట్టంలో 3ఏ తేదీ నాటికి. చుట్టుపక్కల అలాంటి భూములకు అంతకు ముందు మూడేళ్లలో అయిన రిజిస్ట్రేషన్లు చూస్తారు. అంటే గెజిట్ పడ్డ మర్నాడు పక్క పొలం కోటి పలికినా అది మీ లెక్కలోకి రాదు. అంతకు ముందు పక్కవాడు స్టాంపు డ్యూటీ మిగులుతుందని రెండు లక్షలకే కాగితం రాసుకుంటే, ఆ రెండు లక్షలు మాత్రం మీ మెడకు చుట్టుకుంటాయి. కాగితం మీద ధర తగ్గించి రాసుకునే అలవాటు ఊరికంతటికీ ఎంత చేటు చేస్తుందో భూసేకరణ వచ్చినప్పుడే తెలుస్తుంది.

హెక్టార్ల చిక్కు

గెజిట్ చేతికి వచ్చాక చాలామంది తికమక పడేది కొలత దగ్గర. మనది ఎకరాలు, గుంటల లెక్క. కేంద్ర గెజిట్‌లో హెక్టార్లు లేదా చదరపు మీటర్లు ఉంటాయి. ఒక ఎకరానికి 40 గుంటలు, 4,047 చదరపు మీటర్లు. గుంటకు 121 చదరపు గజాలు, అంటే 101 చదరపు మీటర్లకు కాస్త పైన. హెక్టారుకు రెండెకరాల పంతొమ్మిది గుంటలు దాదాపు. పట్టికలో మీ సర్వే నంబరు ఎదుట 0.2023 అని ఉంటే అది ఇరవై గుంటలు. 0.1012 అయితే పది గుంటలు. సున్నా చూసి ‘ఏమీ పోలేదులే’ అనుకోవద్దు!

సర్వే నంబరుతో పాటు బై నంబరు కూడా చూడాలి. 112 వేరు, 112/అ వేరు, 112/ఆ వేరు. అన్నదమ్ములు పంచుకున్నాక సబ్‌డివిజన్ చేయించుకోని భూములకు గెజిట్‌లో ఇంకా తండ్రి పేరో తాత పేరో కనిపిస్తుంది. అలా ఉంటే పరిహారం మీ చేతికి రావడానికి వారసత్వ కాగితాలు కావాలి. భూమి రకం అన్న గడిలో తరి, ఖుష్కి అని ఉంటుంది. బోరు వేసి పదేళ్లుగా వరి పండిస్తున్న చేనుకు ఖుష్కి అని రాసి ఉంటే, ఆ ఒక్క మాట మీద డబ్బు తగ్గుతుంది. బోరు, బావి, మామిడి చెట్లు, పైపులైను పట్టికలో చేరాయా అన్నదీ చూసుకోండి. ఇవన్నీ 21 రోజుల్లోనో 60 రోజుల్లోనో కాగితం మీద పెట్టాల్సినవి. నోటితో ఎమ్మార్వోకు చెప్పి రావడం కాదు. రెండు కాపీలు రాయండి, ఒకటి ఇవ్వండి, రెండోదాని మీద ముద్ర, తేదీ వేయించుకోండి.

గెజిట్ పడితే హక్కు వచ్చినట్టేనా?

ఇంకో అపోహ ఉంది. గెజిట్‌లో పడింది కాబట్టి ఇక తిరుగులేదని కొందరు, మా పేరు గెజిట్‌లో ఉంది కాబట్టి భూమి మాదేనని కొందరు అనుకుంటారు. గెజిట్ ఒక ప్రకటన. అది అసలైనదేనని కోర్టు మొదట నమ్ముతుంది. కానీ అందులో రాసిన ప్రతిదీ నిజమని కాదు.

హైదరాబాద్ పక్కనే మణికొండలో జరిగింది దీనికి మంచి సాక్ష్యం. అక్కడి హజ్రత్ హుస్సేన్ షా వలీ దర్గాకు సంబంధించి 1989 ఫిబ్రవరి 9 నాటి గెజిట్‌లో 5,506 చదరపు గజాలు వక్ఫ్ ఆస్తిగా ఉంది. 2006 మార్చిలో వక్ఫ్ బోర్డు ‘తప్పొప్పుల సవరణ’ అంటూ మరో గెజిట్ వేయించి అందులో 1,654 ఎకరాల 32 గుంటలు చేర్చింది. సవరణ అంటే అచ్చుతప్పు దిద్దుకోవడం. గజాలు దిద్దబోయి ఎకరాలు చేర్చడం సవరణ అవుతుందా? కేసు ఏళ్ల తరబడి నడిచి, 2022 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆ సవరణ ప్రకటనను కొట్టేసింది. భూమి రాష్ట్ర ప్రభుత్వానిదని చెప్పింది. గెజిట్ వేయడానికి ముందు జరగాల్సిన సర్వే, విచారణ జరగకపోతే అచ్చయిన కాగితం ఒక్కటే హక్కును పుట్టించదని దీన్నిబట్టి అర్థం చేసుకోవచ్చు.

నిషేధిత జాబితా, అదే 22-ఏ, దాంట్లోనూ ఈ మెలిక ఉంది. రిజిస్ట్రేషన్ చట్టంలోని ఈ సెక్షన్‌లో ఐదు రకాల భూములున్నాయి. అసైన్డ్, ప్రభుత్వ, దేవాదాయ, వక్ఫ్ వగైరా మొదటి నాలుగింటికీ సంబంధిత అధికారులు జాబితా పంపితే సరిపోతుంది. ఐదో రకానికి, అంటే ‘ఇ’ క్లాజుకు మాత్రం ప్రభుత్వం గెజిట్‌లో ప్రకటించి తీరాలి. మీ సర్వే నంబరు నిషేధిత జాబితాలో ఉందని సబ్‌రిజిస్ట్రారు చెబితే ‘ఏ క్లాజు కింద? ఇ అయితే గెజిట్ నంబరు, తేదీ ఎంత?’ అని అడగండి. జవాబు రాతపూర్వకంగా తీసుకోండి. ఎక్కడికి పోవాలో అప్పుడు తెలుస్తుంది.

అడవి పక్క ఊళ్లవాళ్లకు మరో మాట. 1967 నాటి అటవీ చట్టంలో సెక్షన్ 4 గెజిట్ అంటే రిజర్వు ఫారెస్టు చేయదలిచామన్న ప్రకటన మాత్రమే. అభ్యంతరాలు, హక్కుల విచారణ అయ్యాక వచ్చే సెక్షన్ 15 గెజిట్‌తోనే అది ఖరారవుతుంది. ‘నాలుగు అయింది, పదిహేను కాలేదు’ అని ఊళ్లో అనే మాటకు అర్థం ఇదే.

మూట మీదా, డబ్బా మీదా

భూమి గొడవ లేనివాళ్లు ‘మాకెందుకీ గెజిట్’ అనుకోకండి. మీరు కొనే విత్తనం మూట మీద కూడా అది కూర్చుని ఉంటుంది. 1966 నాటి విత్తన చట్టం ప్రకారం ఒక రకాన్ని కేంద్ర ప్రభుత్వం గెజిట్‌లో నోటిఫై చేస్తేనే దానికి సర్టిఫికేషన్ దొరుకుతుంది, నీలం ట్యాగు పడుతుంది. నోటిఫై కాని రకానికి కంపెనీ సొంత లేబులే ఆధారం. రెండింటికీ తేడా మొలక రానప్పుడు, బెరుకులు వచ్చినప్పుడు తెలుస్తుంది. బిల్లుతో పాటు ట్యాగు కూడా దాచమని మా పేజీ చెబుతూనే ఉంది.

పురుగుమందుల సంగతీ అంతే. 2018 ఆగస్టు 8న కేంద్రం గెజిట్ ఉత్తర్వు ఇచ్చి 18 మందులను నిషేధించింది. పన్నెండింటిని వెంటనే, ఆరింటిని 2020 డిసెంబరు 31 నుంచి. ఆ ఆరింటిలో వరి, చెరకు రైతులు ఏళ్ల తరబడి చల్లిన ఫోరేట్ గుళికలు, మిర్చి, పత్తి మీద కొట్టిన ట్రయజోఫాస్, డైక్లోర్‌వాస్ ఉన్నాయి. పాత సరుకు అని ఎవరైనా తక్కువ ధరకు అంటగట్టబోతే ఈ తేదీ గుర్తు చేయండి. మార్కెట్ యార్డులకూ ఇదే దారి. ఏ మండలం ఏ వ్యవసాయ మార్కెట్ కమిటీ పరిధిలోకి వస్తుందో, ఏ పంట నోటిఫైడ్ పంటో చెప్పేది నోటిఫికేషనే.

నిమిషాల లెక్క

2015 అక్టోబరు నుంచి కేంద్ర గెజిట్‌ను కాగితం మీద అచ్చు వేయడం ఆపేశారు. ఇంటర్నెట్‌లో పెట్టిందే గెజిట్. దీనితో తేదీ పోయి గంటా నిమిషం దాకా వచ్చింది వ్యవహారం. 2019 ఫిబ్రవరి 16న పాకిస్తాన్ నుంచి వచ్చే సరుకు మీద దిగుమతి సుంకం 200 శాతానికి పెంచుతూ గెజిట్ వచ్చింది. అది ఇంటర్నెట్‌లోకి ఎక్కింది రాత్రి 8 గంటల 46 నిమిషాల 58 సెకన్లకు. ఆ పగలే అట్టారీ సరిహద్దు దాటించి కాగితాలు దాఖలు చేసిన వ్యాపారులను కూడా 200 శాతం కట్టమన్నారు. సుప్రీంకోర్టు 2020 సెప్టెంబరులో కుదరదంది. గెజిట్ ఎక్కిన ఆ క్షణం నుంచే అమలు, అంతకు ముందు గంటలకు కాదు అని తేల్చింది.

మీకు దీనితో పనేముందంటారా? కేంద్ర గెజిట్ మొదటి పేజీ పైన ‘సీజీ-డీఎల్-ఈ’ అని మొదలయ్యే ఒక పొడుగాటి నంబరు ఉంటుంది. అందులో ఎనిమిది అంకెలు తేదీ. అది ఇంటర్నెట్‌లో పెట్టిన తేదీ. కింద ‘న్యూఢిల్లీ, ఫలానా తేదీ’ అని ఉండేది వేరు. రెండింటికీ ఒక్కోసారి తేడా వస్తుంది. 21 రోజుల లెక్కలో ఒక్క రోజు కూడా విలువైనదే కాబట్టి రెండూ చూసి, తక్కువ గడువు వచ్చే తేదీనే మనసులో పెట్టుకోండి. వాట్సాప్‌లో ఎవరో పంపిన పేజీని గెజిట్ అనుకోవద్దు. ఆ నంబరు చూసి కేంద్రం ఈ-గెజిట్ సైట్‌లో వెతికించండి. రాష్ట్రానిదైతే పైన ‘రాజపత్రము’ అని, భాగం, నంబరు, తేదీ ఉంటాయి. రెండూ కనపడకపోతే అది వార్త మాత్రమే. పేపర్లో ‘త్వరలో గెజిట్’ అని పడితే అదీ వార్తే. జీఓ వచ్చినంత మాత్రానా గెజిట్ అయినట్టు కాదు.

పాత జరీదా కావాలంటే

జాగీరు ఊళ్లలో, ఇనాం భూముల్లో ఉన్న రైతులకు ఇప్పటికీ పాత జరీదాలతో పని పడుతుంది. జాగీర్ల రద్దు రెగ్యులేషన్ 1358 ఫసలీ నాటిది, 1949 ఆగస్టు 15 నుంచి అమలైంది. మీ ఊరు అంతకు ముందు జాగీరా, దివానీయా, సర్ఫేఖాసా అన్నదాని మీద ఎన్నో దావాలు నడుస్తున్నాయి. పాత సర్కారు రికార్డులు హైదరాబాద్ తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. అక్కడ దరఖాస్తు పెట్టి నకలు తీసుకోవచ్చు. నకలు ఉర్దూలో ఉంటుంది కాబట్టి తెలిసినవాళ్లతో తర్జుమా చేయించి, తర్జుమా చేసినవారి సంతకం కూడా పెట్టించుకోండి.

తేదీలు ఫసలీలో ఉంటాయి. ఫసల్ అంటే పంట. శిస్తు పంట మీద వసూలు చేసేవారు కాబట్టి సర్కారు సంవత్సరాన్నే పంటకు కట్టారు. హైదరాబాద్ సర్కారు ఫసలీలో మొదటి నెల ఆజూర్, అది అక్టోబరు ఆరంభంలో వచ్చేది. ఆ తర్వాత దై, బహమన్, ఇస్ఫందార్, ఫర్వర్దీ, అర్దిబెహిష్త్, ఖుర్దాద్, తీర్, అమర్దాద్, షహరేవర్, మెహర్, ఆబాన్. ఫసలీ అంకెకు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా అయితే 590, జనవరి దాటితే 591 కలిపితే మనకు తెలిసిన సంవత్సరం ఉజ్జాయింపుగా వస్తుంది. మద్రాసు వైపు జిల్లాల్లో ఫసలీ జూలైలో మొదలయ్యేది. కాబట్టి సరిహద్దు ఊళ్లవాళ్లు ఏ సర్కారు కాగితమో ముందు చూసుకుని ఆ తర్వాతే లెక్క కట్టాలి.